అన్నీ ఆపమన్న లైను

మా ఎల్బీనగర్‌లో మనిషిని కట్టేయడానికి తాడు అక్కర్లేదు. రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోతే చాలు. "ఈమె మా దగ్గర పని మానేసింది, మాకు ఏ అభ్యంతరమూ లేదు" అని రెండు ముక్కలు రాసిన కాగితం అది. అది చేతిలో లేనిదే కొత్త కంపెనీ గుమ్మం దాటనివ్వదు. పాత కంపెనీ ఓనరు సంతకం పెట్టేదాకా మనం ఎన్ని రాజీనామాలు చేసినా గాలిలో పేలాలు వేసినట్టే. తొమ్మిదేళ్లలో నేను మూడు చేశాను.

మొదటి రెండుసార్లూ కొత్త కంపెనీలు చూసి చూసి వేరేవాళ్లను పెట్టుకున్నాయి. మూడోది గచ్చిబౌలిలో. సోమవారం ఒకటో తారీఖున చేరాలి. శనివారం సాయంత్రంలోగా ఆ కాగితం వాళ్లకు పంపాలి, లేకపోతే ఇది కూడా అంతే సంగతులు. నాకు ముప్ఫై ఆరేళ్లు. నాలుగోది వస్తుందని నమ్మేంత అమాయకురాలిని కాదు.

మా ఓనరు హరిప్రసాద్ చెడ్డవాడు కాడు. నా ఏడుపంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి బయటికి నడిచేదాన్ని. ఒకప్పుడు కేబుల్ టీవీ వైర్లు భుజాన వేసుకుని డాబాల మీద తిరిగిన మనిషి, ఇప్పుడు మీర్‌పేట్ నుంచి నాగోల్, బాటసింగారం దాకా ఆరువేల ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్నాడు. నేను రాజీనామా ఇచ్చిన ప్రతిసారీ ముందు ఛాయ్ తెప్పిస్తాడు.

"పోతే పో సాధనా, నేనేమన్న అడ్డం పడుకుంటనా? గని గా డబ్బ నడిపేటోళ్లను ఒక్కళ్లను చూపెట్టి పో. నువ్వు పోయిన తెల్లారి అది ఆగిపోతే ఆరువేల ఇండ్లోళ్లు నా మీదికొస్తరు."

ఆ డబ్బా సంగతి చెప్పాలి. ఆరువేల ఇళ్ల ఇంటర్నెట్టూ మా ఆఫీసు వెనక గదిలో ఉన్న ఒక సర్వరు గుండానే పోతుంది. ఎవరిని వదలాలి, ఎవరిని ఆపాలి, ఎవరికి ఎంత స్పీడు ఇవ్వాలి అన్నీ అదే చూస్తుంది. ఏ కంప్యూటర్‌లోనైనా అన్నిటికంటే లోపల కెర్నల్ అనే పెత్తందారు ఒకటి ఉంటుంది. వైరు మీద వచ్చిన ప్రతి సమాచారపు ముక్కనూ ముందు అందుకునేది అదే, ఎటు పంపాలో తేల్చేదీ అదే. లినక్స్ అలాంటి కెర్నల్. ఫ్రీబీఎస్‌డీ అని ఇంకోటి ఉంది. రెండింటి లోగుట్టూ బయటే ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. లోకం చాలావరకు లినక్స్ వెంట పోయింది. మా డబ్బాలో ఉన్నది రెండోది.

అది పెట్టింది ఎవరు? నేనే.

తొమ్మిదేళ్ల కింద ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు పాత కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో లినక్స్, ఇంకోదాంట్లో ఫ్రీబీఎస్‌డీ వేసి, నెల రోజులు పోల్చి చూశాను. మా పాత కంప్యూటర్ల మీద సాయంత్రం రద్దీకి ఫ్రీబీఎస్‌డీ తొణక్కుండా నిలబడింది. దాని కెర్నలూ, దాన్ని నడిపే కమాండ్లూ అన్నీ ఒకే గుంపు తయారుచేస్తుంది కాబట్టి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పనిచేస్తుంది. లినక్స్‌లో కెర్నల్ ఒకరిది, కమాండ్లు ఇంకొకరివి, రెండూ కలిపి కట్టి ఇచ్చేవాళ్లు వేరొకరు. నెట్‌వర్కు ముక్కలను మోసే తీరు కూడా వేరే. ఫ్రీబీఎస్‌డీది టిఫిన్ క్యారియర్ పద్ధతి, సరుకు ఎక్కువైతే ఇంకో గిన్నె తగిలిస్తుంది. లినక్స్ పెద్ద డబ్బా తీసుకుని, పైన చిరునామాలు అంటించడానికి ముందే జాగా వదిలిపెట్టుకుంటుంది. రెండూ పనిచేసేవే. నాకు మొదటిది ముచ్చటగా అనిపించింది.

ఇంకో కారణం ఉంది, అది అప్పట్లో హరిప్రసాద్‌కు చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా లినక్స్ నేర్పే కోచింగే. మూడు నెలలకొక బ్యాచ్ బయటికొస్తుంది. ఫ్రీబీఎస్‌డీ మాత్రం మా చుట్టుపక్కల నాకు తప్ప ఎవరికీ రాదు. ఇరవై ఏడేళ్ల వయసులో అది నా కిరీటం. నేను లేకపోతే ఈ కంపెనీ లేదు అనుకుని మురిసిపోయాను. అది అక్షరాలా నిజమైంది.

నా కింద పనిచేయడానికి ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. "ఇది నేర్చుకుంటే ఏడ పనికొస్తదక్కా?" అని ముగ్గురూ అడిగారు. వాళ్లు పోయాక రాత్రీ పగలూ మోగే ఆఫీసు ఫోన్ మళ్లీ నాకే. అమ్మ సాయమ్మకు కంటి ఆపరేషన్ అయిన రోజు దవాఖాన మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నాగోల్ లైన్లు సరిచేశాను. ఈస్టర్ ఆరాధనలో పాస్టర్ గారు ఫోన్ మోగుతున్న నా బ్యాగు వైపు చూసి ప్రసంగం ఆపారు. "ప్రార్థనల పెట్టిన బిడ్డా, దేవుడు నిన్ను ఆడికెళ్లి బయటికి తెస్తడు" అంటుంది అమ్మ. దేవుడికి కూడా రిలీవింగ్ లెటర్ మీద సంతకం హరిప్రసాద్‌దే కావాలి.

ఈసారి నేను వేరే దారిలో పోయాను. "అన్నా, ఈ డబ్బా నడిపే మనిషి దొరకడు. డబ్బానే మార్చుదాం. లినక్స్ పెడితే దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి కేకేసినా నడిపేవాళ్లు దొరుకుతరు" అన్నాను.

హరిప్రసాద్ మీసం దువ్వుకున్నాడు. "నాకు అదైనా ఒకటే, ఇదైనా ఒకటే. నెట్ ఆగొద్దు. రెండూ పక్కపక్కన నడిపి చూపెట్టు. మంచిగుంటే మార్చుదం. మారినంక స్పందన నడపగల్గుతదంటే నీ కాయితం నీకిస్త. మాట."

స్పందన మా ఆఫీసులో చేరి ఐదు నెలలైంది. ముప్ఫై ఏళ్లు. పుట్టిల్లు పోచంపల్లి, ఇంట్లో మగ్గాలు ఉండేవట. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. పాప పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉండి, కోచింగ్‌లో లినక్స్ నేర్చుకుని, కస్టమర్ల ఫోన్లు ఎత్తే పనికి వచ్చింది. ఐదు కాగానే బ్యాగు భుజాన వేసుకుంటుంది. పాపను క్రెష్ నుంచి తీసుకుపోవాలి. ఐదూ ఒకటి ఆమె గడియారంలో ఉండదు.

పద్నాలుగు రోజులు పరీక్ష పెట్టాం. మీర్‌పేట్ ఇళ్లను లినక్స్ మీద, నాగోల్ ఇళ్లను పాతదాని మీద నడిపి, వారం తర్వాత అటుదిటు ఇటుదటు మార్చాం. లినక్స్ వైపు నియమాలు, అంటే ఎవరిని వదలాలి ఎవరిని ఆపాలి అనే వరుస, స్పందనే రాసింది. పరీక్షకు సరిపడా పొట్టిగా ఓ పది లైన్లు. చక్కగా రాసింది. ఒకరోజు అన్నం తినేటప్పుడు ఆ మాటే అన్నాను.

"నువ్వు నా సీట్ల కూసుంటవు స్పందనా, చూస్తుండు."

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. "వద్దక్కా. గట్ల అనకు. నువ్వు అన్నం తినుకుంట గూడ గా స్క్రీన్ దిక్కే చూస్తవు. నీకు తెల్వదు, నేను రోజు చూస్తున్న. నాకు వచ్చినా రాదనే చెప్త."

నేను నవ్వేశాను. నవ్వాల్సింది కాదు.

పరీక్ష ఫలితం ఒక కాగితం మీద వేశాను. లినక్స్ గెలవాలని ప్రాణం కొట్టుకుంటోంది, అయినా అంకెలు మార్చలేదు, ఆ మాత్రం సిగ్గుంది. మా గదిలో, వైరు తగిలించే మా నెట్‌వర్క్ కార్డులతో చూస్తే సాయంత్రం రద్దీలో ఫ్రీబీఎస్‌డీ పిసరంత ఎక్కువ నిలకడ. కొత్త నెట్‌వర్క్ కార్డు మీద లినక్స్ పిసరంత ఎక్కువ వేగం. ఇంట్లో సోఫాలో కూర్చుని సినిమా చూసేవాడికి రెండూ ఒకటే. చివర ఒక గడి గీసి "నడపగలిగేవాళ్లు" అని రాశాను. లినక్స్ ఎదురుగా "దిల్‌సుఖ్‌నగర్ అంతా" అని, ఫ్రీబీఎస్‌డీ ఎదురుగా "ఒకరు" అని. హరిప్రసాద్ ఆ గడి ఒక్కటే చదివాడు.

"బుధవారం మార్చుదం. రాహుకాలం ఒకటిన్నరకు పోతది. గప్పుడు చెయ్యి."

మంగళవారం సాయంత్రం ఇంట్లో కూర్చుని పాత డబ్బాలోని అసలు నియమాలన్నీ లినక్స్ భాషలోకి మార్చాను. నలభై మూడు లైన్లు. వేరేవాళ్లకు అప్పజెప్పడానికి మనసొప్పలేదు. చివరిసారి కదా, నా చేత్తోనే చేద్దామనుకున్నాను. అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది, చల్లారిపోయింది. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

బుధవారం ఒంటిగంటన్నరకు హరిప్రసాద్ కొత్త సర్వరుకు కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టాడు. నేను ఎప్పట్లాగే చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. తర్వాత ఆయన కిందికి పోయాడు. నేను కేబుల్ పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెట్టి, నా నలభై మూడు లైన్లు ఎక్కించి, ఎంటర్ కొట్టాను.

అంతే. నా టేబుల్ మీది స్క్రీన్ కదలడం మానేసింది. అంటే సర్వరు నన్ను కూడా లోపలికి రానివ్వడం లేదు. నిమిషం తిరక్కుండా ముందు గదిలో ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత లెక్క తెలియలేదు. ఆరువేల ఇళ్లు ఆగిపోయాయి.

వెనక గదిలోకి పరుగెత్తి సర్వరుకే నేరుగా మానిటరూ కీబోర్డూ తగిలించాను. కేబుల్ చూశాను, బాగుంది. కార్డు చూశాను, దీపం వెలుగుతోంది. లినక్స్ ఆ కార్డును గుర్తుపట్టలేదేమో అనుకున్నాను, గుర్తుపట్టింది. నా నలభై మూడు లైన్లు పై నుంచి కింది దాకా చదివాను. ఒక్క అక్షరం తప్పు లేదు. మళ్లీ చదివాను.

మెట్ల దగ్గర్నుంచి హరిప్రసాద్ అరిచాడు. "సాధనా! ఏందిది? పాతదానికే పెట్టు! జల్ది!"

అవును, కేబుల్ తీసి పాతదానికి పెడితే రెండు నిమిషాల్లో అంతా మామూలే. కానీ ఒకసారి అలా పెట్టానా, మళ్లీ ఈ జన్మలో దాన్ని ముట్టుకోనివ్వడు. శనివారం పోతుంది, గచ్చిబౌలి పోతుంది, నలభై ఏళ్లకు కూడా నేను ఈ గదిలోనే ఉంటాను. నా చెయ్యి కేబుల్ మీద ఉంది. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఏదో ఒక అంచు దొరుకుతుంది.

"పది నిమిషాలు అన్నా!" అని అరిచాను.

స్పందన వచ్చింది. మోగుతున్న ఫోన్లు వదిలేసి వచ్చింది. నా భుజం మీదుగా వంగి స్క్రీన్ చూసింది. పట్టుమని పది సెకన్లు కూడా చూడలేదు.

"అక్కా, గిదేంది? అన్నీ ఆపు అని మొట్టమొదటి లైన్లనే పెట్టినవు. ఇగ కింద రాసిన నలభై రెండు ఎవరు చదువుతరు?"

ఆ మొదటి లైను మీద వేలు పెట్టి చూశాను.

ఫ్రీబీఎస్‌డీలో మేం వాడే పద్ధతి నియమాలను చివరి దాకా చదువుతుంది. ఆఖరున ఏది సరిపోతే దాని మాటే చెల్లుతుంది. అందుకే మొదట "అన్నీ ఆపు" అని రాసి, కింద ఒక్కొక్కరిని వదులుతూ పోతాం. లినక్స్‌లో మొదట సరిపోయిన లైను దగ్గరే తీర్పు అయిపోతుంది, తర్వాతవి చూడదు. ఇది కోచింగ్‌లో మొదటి వారం చెప్పే సంగతి. నాకు తెలియక కాదు. అడిగి ఉంటే నిద్రలో కూడా చెప్పేదాన్ని. కానీ తొమ్మిదేళ్లుగా నా చెయ్యి ఆ లైను పైనే రాస్తోంది, నా కన్ను దాన్ని పైనే చూస్తోంది. ఎన్నిసార్లు చదివినా నాకు అది సరిగ్గానే కనపడింది.

స్పందన నన్ను కొంచెం పక్కకు జరిపి కీబోర్డు అందుకుంది. ఆ లైను తీసి అట్టడుగున పెట్టింది. "ఆల్రెడీ నడుస్తున్న కనెక్షన్లను వదలమని ఇంకో లైను కావాలక్కా, ఇక్కడ విడిగ చెప్పాలె" అంటూ పైన ఒకటి చేర్చింది. ఎంటర్ కొట్టింది. నా టేబుల్ మీది స్క్రీన్ కదిలింది. ముందు గదిలో ఫోన్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. మొత్తం ఇరవై రెండు నిమిషాలు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో సగం, నాకింక ఈ కంపెనీ అక్కర్లేదు, ఈ కంపెనీకి నేనూ అక్కర్లేదు అని తెలిసి సగం. ఆ రెండో సగం సంతోషమే అనుకుంటాను. ఎందుకో సంతోషంలా లేదు.

హరిప్రసాద్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. "ఒచ్చింది! అందరికీ ఒచ్చింది! ఎవరు చేసిన్రు? ఏమైంది?"

నేను మాట్లాడేలోపే స్పందన అంది. "అక్కనే సార్. ఏదో లైను కిందిమీద అయిందట, అక్కనే పట్టుకున్నది. నేను ఉత్తగ పక్కన నిలబడ్డ." ఆమె నా వైపు చూడలేదు.

హరిప్రసాద్ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "నేనేమంటున్న ఇన్ని దినాల సంది? గీమె లేకుంటే ఈ పొద్దు మన గతేంది? సాధనా, నీకు దండం పెడ్త. డబ్బ ఏదైనా కానీ, మనిషివి నువ్వే కావాలె. ఇంకో ఆరు నెలలు. ఈ పిల్లకు నిమ్మళంగ నేర్పియ్యి, గప్పుడు పో."

ఆరు నెలలు అన్నాడు. పోయినసారి కూడా ఆరు నెలలే అన్నాడు.

నేను ఊరుకుంటే నా పరువు నిలుస్తుంది, స్పందన ఐదింటికి పాప దగ్గరికి పోతుంది, గచ్చిబౌలి పోతుంది. నిజం చెబితే నేను బయటపడతాను, ఆమె లోపల పడుతుంది. ఆ అబద్ధం ఆమె ఎందుకు ఆడిందో నాకు తెలుసు. అన్నం తింటూ ముందే చెప్పింది. ఆలోచించడానికి నాకు చాలా సమయం పట్టిందని చెప్పుకోవాలనుంది. పట్టలేదు.

"నేను కాదన్నా. తప్పు చేసింది నేను. పట్టుకున్నది స్పందన. నేను పావుగంట చూసినా కనపడలేదు, ఆమె ఒక్క చూపుల పట్టింది. సరిచేసింది కూడ ఆమెనే. లినక్స్ నాకంటె ఆమెకే మంచిగొచ్చు."

హరిప్రసాద్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నిజమేనా బిడ్డా?"

స్పందన కాదనలేదు. తల వంచుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంది. హరిప్రసాద్‌కు అది చాలు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాడు, అది ఒప్పుకోవాలి. కిందికి పోయి లెటర్‌హెడ్ తెచ్చాడు. ఆ రెండు ముక్కలూ టైపు చేసి నా దగ్గర మూడేళ్లుగా ఉన్నాయి, తారీఖు మార్చడమే పని. సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, కాగితం నా చేతికిచ్చి, కళ్లు తుడుచుకున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సోమవారం సంది ఆఫీస్ ఫోన్ నీ దగ్గర్నే ఉండాలె స్పందనా. పొద్దుగాల, రాత్రి అని లేదు. ఇంట్ల చెప్పుకో."

ఆయన మెట్లు దిగేదాకా ఆగి స్పందన నా వైపు తిరిగింది. "నీ ఇజ్జత్ కాపాడిన కదక్కా. ఎందుకు చెప్పినవు?"

"నిజం కదా అని..."

"నిజం కోసమా?"

"కాదు" అన్నాను. "కాయితం కోసమే చెప్పిన. నువ్వు ఇరుక్కుంటవని తెల్సే చెప్పిన."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. టేబుల్ సొరుగు లాగి రెండు వందల పేజీల కొత్త నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది.

"సరే, ఇరికిచ్చినవు. ఇగ రాసియ్యి. ఏ వైరు ఎటు పోతదో, ఎవల ఇంటికి ఎంత స్పీడో, వానొస్తే బాటసింగారం లైను ఎందుకు ఆగుతదో, అన్నీ. నేను నేర్చుకుని ఇంకొకళ్లకు గదే బుక్కు ఇచ్చి పోవాలె. నేను నీ లెక్క తొమ్మిదేండ్లు ఉండను." తర్వాత కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఆ ముగ్గురు వచ్చి పోయిన్రంటివి గదా అక్కా. వాళ్లకు ఎన్నడన్న ఒక్క పేజి రాసిచ్చినవా?"

ఇవ్వలేదు. ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. వాళ్లు అడిగారు కూడా. చూసి నేర్చుకోండి, ఇది రాస్తే వచ్చే విద్య కాదు అన్నాను. హరిప్రసాద్ సంతకం పెట్టలేదని తొమ్మిదేళ్లు ఊరంతా చెప్పుకున్నాను. అమ్మకు చెప్పాను, పాస్టర్ గారికి చెప్పాను. ఈ మాట ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

కాగితం మడిచి బ్యాగులో పెట్టి, కుర్చీ లాక్కుని, నోటుబుక్కు తెరిచాను. ఐదైంది. స్పందన బ్యాగు భుజాన వేసుకుని, "లైట్లు ఆర్పేసి పో అక్కా" అని వెళ్లిపోయింది. నేను రాస్తూ కూర్చున్నాను.